రెండో చెవి ఎక్కడుంది?

అన్నవరం కొండ మీద వ్రతం చక్కగా జరిగింది. స్వామివారి దర్శనమైంది. విస్తరాకు పొట్లాల్లో ప్రసాదం తీసుకున్నారు. నానమ్మ మోకాళ్లు పట్టుకుని మెల్లగా కారు దగ్గరికొచ్చింది. కిటికీ పక్క సీటు నాదంటే నాదని పిల్లలిద్దరూ అప్పుడే పోట్లాట మొదలుపెట్టారు. ఇంటాయన నడుం దగ్గర తడుముకున్నాడు. లేదు. లాల్చీ జేబులో చెయ్యి పెట్టాడు. అక్కడా లేదు.

''ఏమండీ, ఏం వెతుకుతున్నారు?''

''తాళాలు... పంచె కట్టుకున్నాను కదా, నడుముకు దోపుకున్నా...''

అంతే! అందరి మొహాల్లో రంగు మారిపోయింది. వ్రతం చేసిన చోటుకి వెళ్లారు. చెప్పుల స్టాండు దగ్గర అడిగారు. ప్రసాదం కౌంటరు ముందు నేలంతా కళ్లతో జల్లెడ పట్టారు. గంటన్నర గడిచింది. ఎండ నడినెత్తికొచ్చింది. తాళాల గుత్తి మాత్రం కనిపించలేదు.

''రెండో తాళం ఉండాలి కదరా'' అంది నానమ్మ.

ఉంది. హైదరాబాద్‌లో, ఇంట్లో, బీరువా లాకర్లో, నగల పక్కన భద్రంగా ఉంది. పోయిన గుత్తిలో ఇంటి తాళంచెవి కూడా ఉంది. ఫర్వాలేదు... దానికి జోడీ ఎదురింటి పిన్నిగారి దగ్గరుంది. మరి బీరువా తాళంచెవి? అదీ ఆ గుత్తిలోనే ఉంది!

ఇది ఏ ఒక్క ఇంటి కథో కాదు. కొండ మీద కాకపోతే పెళ్లి పందిట్లో, పెళ్లి పందిట్లో కాకపోతే సూర్యలంక బీచ్‌లో. ఊరు మారుతుంది, వెతుకులాట ఒక్కటే. వెంటనే అందరికీ వచ్చే సందేహమూ ఒక్కటే... ఇంత చిన్న తాళంచెవి చేయించడం ఏమంత పని? ఎవరైనా తాళాలాయన్ని పిలిస్తే పోదా?

ఒకప్పుడైతే పోయేది. ఇప్పుడు పోదు. ఎందుకో తెలుసుకుంటే, ఏం చేయాలో కూడా తెలుస్తుంది.

ఆకురాయి రోజులు

అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని, తొలినాళ్ల మారుతి 800... వీటి తాళంచెవి అంటే గాట్లు పెట్టిన ఓ లోహపు ముక్క. తాళం లోపల చిన్న చిన్న పలకలుంటాయి. చెవి మీదున్న ఎత్తుపల్లాలకు ఆ పలకలు సరిగ్గా అమరితే తాళం తిరుగుతుంది. అందులో ఇంకే రహస్యమూ లేదు.

అందుకే బస్టాండు పక్కన గొడుగు కింద కూర్చున్న తాళాలాయనే దానికి పెద్ద ఇంజినీరు. గాట్లు లేని ఖాళీ చెవిని తాళంలో పెట్టి అటూ ఇటూ కదిపేవాడు. బయటికి తీసి, దాని మీద పడిన గుర్తుల్ని కళ్లు చికిలించి చూసేవాడు. గుర్తు పడిన చోటల్లా ఆకురాయితో రాకేవాడు. మళ్లీ పెట్టి, మళ్లీ రాకి, కాసేపట్లో కారు స్టార్ట్ చేసి చూపించేవాడు.

ఆయనకు ఎంత సులువో దొంగకీ అంతే సులువు! చిక్కంతా అక్కడే వచ్చింది. లోహపు ముక్కను నమ్ముకుంటే లాభం లేదని కార్ల కంపెనీలు 1990ల్లో ఓ ఉపాయం పన్నాయి. దాని పేరే ఇమ్మొబిలైజర్. బ్రిటన్‌లో 1998 అక్టోబరు నుంచి కొత్త కార్లకు దాన్ని తప్పనిసరి చేశారు. మన దేశంలో మారుతి తన కార్లలోని ఈ ఏర్పాటుకు 'ఐక్యాట్స్' అని పేరు పెట్టుకుంది. ఇతర కంపెనీల కార్లలోనూ ఇది క్రమంగా మామూలైపోయింది.

నిజంగానే వినే చెవి

తాళం తెరిచేదాన్ని మనవాళ్లు 'తాళంచెవి' అన్నారు. సీమలో 'బీగంచెవి' అంటారు. తెలంగాణలో 'చాబీ' అనే ఇళ్లూ ఎన్నో. ఆ 'చెవి' అన్న మాట ఇప్పటి కారు తాళాలకు అచ్చంగా సరిపోతుంది. ఎందుకంటే ఇప్పటి చెవి నిజంగానే వింటుంది. విని జవాబు కూడా చెబుతుంది!

చెవి తలభాగంలో, నల్లటి ప్లాస్టిక్ లోపల, బియ్యపు గింజ కన్నా కాస్త పెద్దదైన ఓ చిప్ ఉంటుంది. తాళంచెవి పెట్టే రంధ్రం చుట్టూ సన్నటి తీగచుట్ట ఉంటుంది. చెవి పెట్టి తిప్పగానే ఆ తీగచుట్ట చిన్న రేడియో తరంగాన్ని పంపుతుంది. చిప్‌కి బ్యాటరీ అక్కర్లేదు. ఆ తరంగం నుంచే కాస్త శక్తి తీసుకుని, తన దగ్గరున్న రహస్య సంఖ్యతో బదులిస్తుంది. ''నువ్వు మనింటి దానివేనా?'' అని కారు అడిగితే, ''అవును'' అని చెవి చెప్పడం లాంటిదన్నమాట. జవాబు సరైనదైతేనే కారులోని కంప్యూటర్ ఇంజిన్‌ని నడవనిస్తుంది. లేదంటే గాట్లు ఎంత చక్కగా సరిపోయినా లాభం లేదు. తాళం తిరుగుతుంది. ఇంజిన్ మాత్రం అందుకోదు. చాలా కార్లలో డ్యాష్‌బోర్డు మీద చెవి బొమ్మో, తాళం బొమ్మో ఎర్రగా మిణుకుమంటుంది.

ఈ చిప్ లేకపోతే ఏమవుతుందో అమెరికాలో ఈమధ్యే తెలిసొచ్చింది. అక్కడ 2011 నుంచి దాదాపు పదేళ్ల పాటు అమ్మిన హ్యుందాయ్, కియా కార్లలో, చెవి తిప్పి స్టార్ట్ చేసే అనేక మోడళ్లకు ఇమ్మొబిలైజర్ లేదు. వాటిని ఎలా ఎత్తుకుపోవచ్చో చూపించే వీడియోలు 2021, 2022ల్లో పిల్లకాయల ఫోన్లలో పాకిపోయాయి. ఊరూరా కార్లు మాయమయ్యాయి. చివరికి 2023లో ఆ కంపెనీలు ఉచితంగా సాఫ్ట్‌వేర్ మార్చి ఇవ్వాల్సి వచ్చింది.

కాబట్టి కొత్త చెవి కోసం మనం పడే ఇబ్బంది, దొంగ కోసం పెట్టిన ఇబ్బందే. అది మనకూ తగులుతోంది, అంతే.

ఒకటుంటే ఒక లెక్క...

చెవి పోయినప్పుడు అన్నిటికన్నా ముందు తేల్చుకోవాల్సింది... రెండోది ఉందా, లేదా?

ఉంటే కంగారు లేదు. ఆర్సీ, యజమాని గుర్తింపు కార్డు, ఉన్న చెవి పట్టుకుని కంపెనీ సర్వీస్ సెంటర్‌కి వెళ్తే కొత్తది ఆర్డర్ పెడతారు. పోలీసులకు ఫిర్యాదు చేసిన కాగితం కూడా అడుగుతారు, అది ముందే తీసుకుంటే ఒక తిరుగుడు తప్పుతుంది. కొత్త చెవికి రెండు పనులు జరగాలి. ఒకటి, గాట్లు కోయడం. రెండోది, చిప్‌ని కారుకి పరిచయం చేయడం. స్టీరింగ్ కింద ఉండే సాకెట్‌కి స్కానర్ తగిలించి ఈ పరిచయం చేయిస్తారు. దాన్నే ప్రోగ్రామింగ్ అంటారు. మామూలు చిప్ చెవికి కొన్ని వేలు, బటన్ నొక్కి స్టార్ట్ చేసే కార్ల రిమోట్‌కి అంతకన్నా బాగా ఎక్కువ, ఖరీదైన విదేశీ కార్లకైతే ఇంకా ఎన్నో రెట్లు అవుతుంది.

ఒక్కటీ లేకపోతే? అప్పుడు మొదలవుతుంది అసలు యాతన. కారు నడవదు కాబట్టి దాన్నే సర్వీస్ సెంటర్‌కి మోయించుకుపోవాలి. స్టీరింగ్ లాక్ పడి ఉంటుంది కాబట్టి తాడు కట్టి లాగడం కుదరదు, చక్రాలన్నీ పైకెక్కించే బండి కావాలి. గాట్ల కోసం, చిప్ రహస్యం కోసం 17 అక్షరాలు, అంకెలున్న ఛాసిస్ నంబరు చూపించి కంపెనీ నుంచి వివరాలు తెప్పించాలి. కొన్ని మోడళ్లలో ఇగ్నిషన్, తలుపుల తాళాలు అన్నీ కలిపి సెట్టుగా మార్చేస్తారు. రోజులు పడుతుంది. ఖర్చు కూడా మొదటి దానికి పోలికే ఉండదు.

బయట దుకాణాల్లోనూ చిప్ తాళాలు చేసే పనివాళ్లున్నారు. హైదరాబాద్, విజయవాడ, విశాఖ లాంటి చోట్ల బండి దగ్గరికే మెషిన్ తెచ్చి చేసి వెళ్తారు. చేతి నైపుణ్యంలో వాళ్లకేమీ లోటుండదు. కాకపోతే ఎవరో తెలిసినవాళ్లు చేయించుకున్న మనిషినే పిలవడం, పనంతా ఎదురుగా నిలబడి చేయించుకోవడం మంచిది. చేసేది మన కారు రహస్యాన్ని ఇంకొకరి చేతికివ్వడమే కదా! కారు వారంటీలో ఉంటే ముందు కంపెనీవాళ్లని ఒక మాట అడగాలి.

ఎక్కడ చేయించినా ఒక్క పని మరవకూడదు. పోయిన చెవిని కారు జ్ఞాపకంలోంచి చెరిపేయమని అడగాలి. ఆ తర్వాత అది ఎవరికి దొరికినా ఇంజిన్ స్టార్ట్ కాదు. కానీ దాని గాట్లు అలాగే ఉంటాయి కాబట్టి తలుపు మాత్రం తెరుచుకుంటుంది! అందుకే కారులో కాగితాలు, డబ్బు, ల్యాప్‌టాప్ వదలడం ఎప్పుడూ మంచిది కాదు. చెవి పోయింది మన వీధిలోనే అయితే తాళాలే మార్పించుకోవడం క్షేమం.

పోకపోయినా... పాడవుతుంది

ప్యాంటు జేబులో మరచిపోయిన చెవి వాషింగ్ మెషిన్‌లో ఓ గంట తిరిగొస్తుంది. గోదావరిలో మునకేసినప్పుడు జేబులోదీ మునుగుతుంది. హడలిపోనక్కర్లేదు. చిప్‌ని మూసి చేస్తారు కాబట్టి నీళ్లకు అంత తేలిగ్గా చావదు. దెబ్బ తినేది తలుపులు తీసే రిమోట్ భాగమే. వెంటనే బ్యాటరీ బిళ్ల తీసేసి, పొడిగుడ్డతో తుడిచి, ఒకట్రెండు రోజులు గాలికి ఆరనివ్వాలి. పొయ్యి దగ్గరా, మండుటెండలోనూ పెట్టకూడదు.

రిమోట్ పనిచేయడం లేదంటే చాలాసార్లు అయిపోయింది బ్యాటరీయే. అది కొత్త చెవికి అయ్యే ఖర్చుతో పోలిస్తే చాలా తక్కువ. చెవి పెట్టి తిప్పే కార్లలో రిమోట్ పనిచేయకున్నా తలుపు చెవితో తీసి, బండి మామూలుగానే స్టార్ట్ చేయొచ్చు. బటన్ స్టార్ట్ కార్లలోనూ దారి ఉంది. రిమోట్ లోపల సన్నటి లోహపు చెవి ఒకటి దాగి ఉంటుంది. దాంతో తలుపు తీసి, రిమోట్‌నే స్టార్ట్ బటన్‌కి ఆనించి నొక్కితే చాలా మోడళ్లలో ఇంజిన్ అందుకుంటుంది. మీ కారులో ఎలాగో మాన్యువల్‌లో ఉంటుంది. కారు కొన్నరోజు అటక మీద పెట్టిన ఆ పుస్తకాన్ని ఈ ఆదివారమైనా కిందికి దించాలి మరి!

పైన ప్లాస్టిక్ పగిలితే కొత్త తొడుగు బజార్లో చవగ్గానే దొరుకుతుంది. ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. లోపలి సర్క్యూట్ ముక్కను కొత్త తొడుగులోకి మారుస్తారు, పాతదాన్ని చెత్తబుట్టలో వేస్తారు. తీరా చూస్తే బండి స్టార్ట్ కాదు. కారణం... కొన్ని చెవుల్లో చిప్ సర్క్యూట్ మీద ఉండదు. తొడుగు మూలలో విడిగా, చిన్న నల్లముక్కలా ఇరుక్కుని ఉంటుంది. అది చెత్తబండి ఎక్కి వెళ్లిపోతుంది! కాబట్టి బండి స్టార్టయ్యేదాకా పాత తొడుగు పారేయొద్దు.

చెవి అరిగిపోయి తాళంలో పట్టడం లేదా? అరిగినదాన్ని చూసి కోస్తే ఆ అరుగుదల కూడా కాపీ అవుతుంది. తక్కువ వాడిన రెండో చెవి చూసి కోయించాలి. కొన్ని కార్లు కొన్నప్పుడు నంబరు చెక్కిన చిన్న లోహపు బిళ్ల కూడా ఇస్తారు. ఆ నంబరు ఉంటే అసలు గాట్లు అచ్చంగా తెలిసిపోతాయి. దాన్ని కారులో కాదు, ఇంట్లో దాచాలి.

ఇంకో సంగతి. చెవి అస్సలు తిరగకపోతే అది పాడైందని అనుకుని బలంగా తిప్పేస్తుంటారు. అది విరిగిందంటే పని రెట్టింపు. చాలాసార్లు తప్పు చెవిది కాదు, బిగుసుకున్న స్టీరింగ్ లాక్‌ది. ఒక చేత్తో స్టీరింగ్‌ని కాస్త అటూ ఇటూ కదుపుతూ రెండో చేత్తో నెమ్మదిగా తిప్పితే వచ్చేస్తుంది.

ఆయన జేబులో చెవి... ఆవిడ చేతిలో కారు

బటన్ స్టార్ట్ కార్లతో కొత్తరకం తంటా ఒకటి వచ్చింది. భర్తని సికింద్రాబాద్ స్టేషన్ దగ్గర దింపి భార్య కారు తీసుకుని ఇంటికి బయల్దేరుతుంది. రిమోట్ ఆయన జేబులోనే ఉండిపోతుంది. నడుస్తున్న ఇంజిన్ ఆగిపోదు. ఆగితే ప్రమాదం కదా! కారు కుయ్యోమని కాసేపు హెచ్చరిస్తుందంతే. దారిలో కూరగాయల కోసం ఇంజిన్ ఆపిందా, మళ్లీ స్టార్ట్ కాదు. ఆయనేమో కాజీపేట దాటి ఉంటాడు! కాబట్టి కారు దిగేవాళ్లని ''టిక్కెట్ తీసుకున్నారా?'' అని అడిగే ముందు ''తాళం ఇచ్చారా?'' అని అడగడం అలవాటు చేసుకోవాలి.

అప్పుడు మాత్రం ఆలోచించొద్దు

చెవి లోపల ఉండిపోయి తలుపులు పడిపోతే మామూలుగా ఓపిక పట్టాలి. అద్దం పగలగొట్టడం కన్నా తాళాలాయన కోసమో, కంపెనీ రోడ్‌సైడ్ అసిస్టెన్స్ కోసమో ఎదురుచూడటమే చవక. కానీ లోపల పసిపిల్ల ఉంటే ఈ లెక్కలేవీ పనికిరావు.

2025 మే నెలలో విజయనగరం దగ్గర ఓ ఊళ్లో, ఆడుకుంటూ ఆగి ఉన్న కారెక్కిన నలుగురు చిన్నారులు తలుపులు పడిపోయి ఊపిరాడక చనిపోయారు. ఎండలో మూసి ఉన్న కారులో పది నిమిషాల్లోనే వేడి దాదాపు పది డిగ్రీలు పెరుగుతుంది. పెద్దల కన్నా పిల్లల ఒంట్లో వేడి చాలా త్వరగా పెరుగుతుంది. అందుకే రెండో తాళం వచ్చేదాకా ఆగుదాం అనుకోకూడదు. 112కి ఫోన్ చేయాలి. పాపకి దూరంగా ఉన్న పక్క అద్దాన్ని, మధ్యలో కాకుండా మూలన, గట్టి రాయితోనో స్పానర్‌తోనో కొట్టాలి. ముందు అద్దం జోలికి వెళ్లొద్దు. రెండు గాజు పలకల మధ్య పొర పెట్టి చేస్తారు కాబట్టి అది బీటలు వారుతుందే తప్ప ఊడిరాదు. అద్దం మళ్లీ వేయించుకోవచ్చు.

ఇంటి దగ్గర ఆగి ఉన్న కారుకి ఎప్పుడూ తాళం వేసి ఉంచాలి. తాళాలు పిల్లలకి అందని మేకుకే తగిలించాలి.

బీమావాళ్లు అడిగే ప్రశ్న

కారు దొంగతనానికి గురైతే బీమా కంపెనీ అడిగే వాటిలో ముఖ్యమైనది... ''రెండు తాళాలూ ఇవ్వండి.'' అప్పుడు ఒకటే చూపిస్తే రెండోది ఏమైందన్న ప్రశ్న వస్తుంది, క్లెయిమ్‌కి చిక్కులొస్తాయి. అందుకే చెవి పోయిన రోజే పోలీసులకు ఫిర్యాదు చేసి రసీదు దాచుకోవాలి. తాళాలు పోతే ఖర్చు ఇచ్చే అదనపు కవర్ కూడా పాలసీతో పాటు తీసుకోవచ్చు. దానికీ ఆ ఫిర్యాదు కాగితమే ఆధారం.

సెకండ్ హ్యాండ్ కారు కొనేటప్పుడు ఇంజిన్ చప్పుడు విన్నట్టే తాళాలూ లెక్కపెట్టాలి. ''ఒకటే ఉందండీ, రెండోది ఎక్కడో...'' అంటే ఆ ఖర్చు ధరలో తగ్గించమనాలి. కొన్నాక స్కానర్ పెట్టించి కారు ఎన్ని చెవుల్ని గుర్తుపడుతోందో చూపించుకుని, మన దగ్గర లేనివన్నీ చెరిపించేయాలి.

తాళాల గుత్తికి ఇంటి చిరునామా, కారు నంబరు రాసిన బిళ్ల తగిలించడం కొందరికి అలవాటు. దొంగకి దారి చూపించినట్టే అది. దొరికినవాళ్లు ఫోన్ చేయడానికి ఒక్క నంబరుంటే చాలు.

బస్సెక్కి వచ్చిన చెవి

ఇంతకీ అన్నవరంలో ఏమైంది?

ఎదురింటి పిన్నిగారు ఇల్లు తీసి, తెలిసిన తాళాలాయన్ని పిలిపించి, దగ్గరుండి బీరువా తెరిపించారు. లాకర్లోని రెండో చెవిని ఆవిడ కొడుకు ఓ కవర్లో పెట్టి, రాత్రి బస్సులో పార్సిల్ పంపించాడు. కుటుంబమంతా కొండ మీద ఓ గది తీసుకుని పడుకున్నారు. తెల్లారి బస్సు దగ్గరికెళ్లి చెవి తెచ్చుకున్నారు. గది అద్దె, బీరువా తాళం, పార్సిల్, టిఫిన్లు... ఖర్చు బాగానే అయింది. ఆ రెండోది కూడా లేకపోయుంటే? ఆ లెక్క ఎవరూ వేయలేదు.

ఊరు చేరగానే ఇంటాయన కొత్త చెవి ఆర్డర్ పెట్టాడు. పోయినదాన్ని చెరిపించేశాడు. రెండోదాన్ని మళ్లీ బీరువాలో పెట్టబోతుంటే ఆవిడ చేతిలోంచి లాక్కుని తన హ్యాండ్‌బ్యాగ్‌లో వేసుకుంది. దూరప్రయాణాల్లో రెండు చెవులూ వెంట ఉండాలి, ఒకే జేబులో ఉండకూడదు... ఇదీ కొత్త రూలు.

నానమ్మ అంతా చూసి నవ్వింది.

''ఒకటి పోతే ఇంకోటి ఉండాలనే కదరా, దేవుడు చెవులు రెండిచ్చింది!''